ఏర్లెన్‌టాల్ బాప్తిస్మపు తొట్టి

జర్మనీలోని సాక్సనీ సీమలో వాగు ఒడ్డున ఉంది ఏర్లెన్‌టాల్ లూథరన్ దేవాలయం. ఇక్కడికి వచ్చే భక్తులు ముందుగా చూడవలసింది వాకిలి పక్కనున్న రాతి తొట్టిని. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చేది ఇందులోనే. చెక్కడపు పని ఏమీ లేదు, అంచు కూడా ఓ పక్క విరిగింది. ఇంతేనా అని పెదవి విరిచేవాళ్ళు లేకపోలేదు. కథ విన్నాక అలా అనరు.

పూర్వం ఇక్కడ కోన్రాట్ అనే పాదిరిగారు ఉండేవారు. క్రైస్తవ మతసంస్కరణ మొదలైన రోజులవి. బాప్తిస్మపు క్రమం అప్పుడే జనం మాట్లాడే జర్మను భాషలోకి వచ్చింది. బిడ్డ నాలుకపై ఉప్పు వేయడం, చెవులకు ఉమ్మి తాకించడం, నూనె పూయడం వంటి పాత తంతులను మొదట అలాగే ఉంచారు. తరువాత వచ్చిన క్రమంలో వాటిని తీసేశారు. నీళ్ళూ దేవుని వాక్యమూ ఉంటే చాలన్నారు. ఆ మాట కోన్రాట్‌గారికి మింగుడు పడలేదు. తాతముత్తాతలకు పూసిన నూనె ఈ పసివాళ్ళకు ఎందుకు దక్కకూడదని ఆయన బాధ. మనసు మంచిదే, మనిషే మొండి.

ఒక చలికాలం ఉదయం నేతగాడి భార్య ఆగ్నెస్ పురిటిబిడ్డను పొదువుకుని వచ్చింది. బిడ్డ ఎగశ్వాస పెడుతున్నాడు. బాప్తిస్మం లేకుండా పోతే బిడ్డ దేవుణ్ణి చేరడేమోనని అప్పటి తల్లుల భయం. చూస్తే నూనె బుడ్డి ఖాళీ. పాదిరిగారు పొరుగూరికి మనిషిని పరుగెత్తించారు.

"నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి కదా అయ్యగారూ, పోసేయండి" అని వెంట వచ్చిన మంత్రసాని ఊర్సులా బతిమాలింది. పోనీ తానే పోస్తానంది. ప్రాణం మీదికి వస్తే మంత్రసాని బాప్తిస్మం ఇవ్వవచ్చన్నది అప్పటికే ఉన్న ఆచారం. పాదిరి ఎదుట ఉండగా నువ్వెవరివని ఆయన కసిరారు. నూనె వచ్చేసరికి బిడ్డ తల్లి ఒళ్ళోనే కన్నుమూశాడు.

అయ్యో, చేతికందే దూరంలో నీళ్ళు పెట్టుకుని ఎంత పని చేశారు! దేవుడు బిడ్డను వదలడని ఆయన ఆగ్నెస్‌ను ఎన్నో విధాల ఓదార్చారు. ఆయనకు చాలాకాలం అన్నం సయించలేదు. ఆనాటి నుంచి కొత్త క్రమమే పట్టారు.

కొన్నేళ్ళకు ఆగ్నెస్ మరో బిడ్డతో అదే తొట్టి దగ్గర నిలబడింది. "ఇంకా ఏమైనా రావాలా అయ్యగారూ?" అని అడిగింది. కోపంతో కాదు, భయంతో అడిగింది. ఆయన ఖాళీ చేతులు రెండూ చాచి చూపించారు.

"ఏమీ రానక్కర్లేదమ్మా" అన్నారు.

ఈనాటికీ ఇక్కడ బాప్తిస్మానికి ముందు తల్లి ఆ ప్రశ్న అడుగుతుంది, పాదిరి చేతులు చాచి ఆ జవాబే చెబుతారు. అలా నీళ్ళు పోయించుకున్న పిల్లలు చల్లగా ఉంటారని నమ్మకం. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కూడా ఎక్కడెక్కడినుంచో వచ్చి తొట్టి పక్కన కాసేపు కూర్చుని వెళతారు. ఆ తొలి బిడ్డకు మాత్రం పేరు లేదు. బాప్తిస్మంలో పిలిపించాలని ఆగ్నెస్ ఒక పేరు అనుకుని ఉంచుకుంది. అదేమిటో ఆమె ఎవరికీ చెప్పలేదు.