మూడు గరిటెలు, ఖాళీ పళ్ళేలు

"భ్రమరాంబా, పాలు తోడు పెట్టడం మీ ఆయనకీ వచ్చు. నువ్వొచ్చి వ్యానెక్కు."

ఈ కేక మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించింది. వేసింది సుభద్రమ్మగారు. పొన్నూరులో మా వీధి ఆడవాళ్ళకి కోలాటం నేర్పే గురువు ఆవిడే. వయసు అరవై ఎనిమిది, గొంతుకి మాత్రం ఇరవై దాటలేదు. ఆవిడకో అలవాటుంది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పరు. నాకు తాళం ఎందుకు తప్పుతోందమ్మా అని ఎవరైనా అడిగితే, ఆ మనిషిని మధ్యలో నిలబెట్టి చుట్టూ మిగతావాళ్ళ చేత ఆడిస్తారు. కాసేపటికి ఆ మనిషే "తెలిసిందమ్మా" అంటుంది. ఏం తెలిసిందో మనకి తెలియదు.

భ్రమరాంబ మా అన్నయ్యగారి కోడలు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు, పైన అంగన్‌వాడీలో టీచరు ఉద్యోగం. మొన్న శుక్రవారం కోలాటం అయ్యాక గోడకి చేరగిలబడి అడిగిందట: "అమ్మగారూ, ఎంత పడుకున్నా ఈ అలసట పోవడం లేదు. పరీక్షలన్నీ చేయించాను, రక్తం బాగానే ఉందన్నారు. మరి ఇదెక్కడి అలసట?" సుభద్రమ్మగారు ఆమె మొహంలోకి చూసి, "ఆదివారం సముద్రానికి పోదాం. రెండు రోజులు," అన్నారు. జవాబు అంతే.

అలా సూర్యలంక దగ్గర ఓ చిన్న రిసార్టులో గదులు తీసుకున్నారు. గురువుగారు, భ్రమరాంబ, ఆమె స్నేహితురాళ్ళు రాజ్యం, కస్తూరి. వ్యాను నాది కాబట్టి నేనూ. వ్యానెక్కీ ఎక్కకముందే భ్రమరాంబ షరతు పెట్టింది. రాత్రి తను ఉండదు. మూడు గంటల బస్సుకి వెనక్కి వెళ్ళిపోతుంది, పొద్దుపోయేసరికి ఇంట్లో పొయ్యి దగ్గర ఉండాలి. "సరే, భోంచేసి వెళ్ళు," అన్నారు గురువుగారు. రాజ్యం మాత్రం బాపట్ల దాకా అలిగి కూర్చుంది. ఆ తర్వాత, "ముగ్గురం ఎక్కడికైనా పోదామని ఆర్నెల్ల నుంచి అనుకుంటున్నాం. నువ్వు పోతే మేమిద్దరం ఇసకలో గుళ్ళు కట్టుకోవాలా?" అంది.

సరుగుడు తోపు దాటగానే సముద్రం. ఏం చెప్పను, నాబోటి లావుపాటి మనిషే పంచె ఎగగట్టి నీళ్ళలోకి పరుగెత్తాడు. రాజ్యం, కస్తూరి అలకలు మరిచిపోయి తల దాకా తడిశారు. భ్రమరాంబకి చెట్ల నీడన పడక్కుర్చీ వేయించారు. వాలడమైతే వాలింది. రెండు నిమిషాలకోసారి లేచి స్నేహితుల తువ్వాళ్ళు దులిపింది, మడతపెట్టింది, అందరి చెప్పులూ జతలు చేసి వరసగా పెట్టింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. "పిల్లలు తిన్నారట. అత్తయ్య మాత్ర వేసుకున్నారట. అన్నీ బాగానే ఉన్నాయట," అంది, అదేదో చెడుకబురైనట్టు.

"అయ్యో పాపం," అంది కస్తూరి జుట్టు పిండుకుంటూ. "పాలన్నా పొంగిపోయి ఉంటే నీకు కాస్త స్థిమితంగా ఉండేది."

రెండున్నరకి భోజనం. అక్కడ వంటా వడ్డనా పోలమ్మ ఒక్కతే చూస్తుంది. దోసకాయ పప్పు, వంజరం చేపల పులుసు, పొగలు కక్కే అన్నం తెచ్చి వరండాలో చాప మీద పెట్టింది. అసలు సంగతి అక్కడ మొదలైంది. భ్రమరాంబ అన్నం గరిటె అందుకుని, "మీరు కూర్చోండి, నేను పెడతాను," అంది. "నువ్వు బస్సుకి పోవాలి, ముందు నువ్వు కూర్చో," అని రాజ్యం పప్పు గరిటె తీసుకుంది. "మీరిద్దరూ కూర్చోండే, నాకెలాగూ ఆకలి లేదు," అని కస్తూరి పులుసు గరిటె పట్టుకుంది. ముగ్గురు అమ్మలు, మూడు గరిటెలు, కింద ఖాళీ పళ్ళేలు. కూర్చోవే అంటే నువ్వు కూర్చోవే. ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి ఆఖర్న తినడానికి అలవాటుపడిన ముగ్గురిని ఒక్క చోట చేరిస్తే ఎవరు ఆఖరు కావాలి? పావుగంట గడిచింది. పులుసు మీద పొగ తగ్గింది.

సుభద్రమ్మగారు పిట్టగోడ మీద కూర్చుని చూస్తున్నారు. నేనా? పోలమ్మ నాకు ముందే పెట్టేసింది, మొదటి విడత అప్పటికే అయిపోయింది.

పోలమ్మ గుమ్మానికి ఆనుకుని, ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద ఆనించి నిలబడి ఉంది. భ్రమరాంబ అటు చూసింది. "నువ్వు తిన్నావా పోలమ్మా?" అని అడిగింది.

"అందరూ తిన్నాక తింటానమ్మా. నాకలవాటే."

"అలవాటేంటి? తెల్లారి నుంచీ నిలబడే ఉన్నావు, కాళ్ళు పీకవూ? రా, ముందు నువ్వు కూర్చో."

"తమరూ నిలబడే ఉన్నారు కదమ్మా," అంది పోలమ్మ. "తమరు కూర్చుంటే కూర్చుంటాను."

భ్రమరాంబ చేతిలో గరిటె వైపు ఒకసారి, పోలమ్మ పాదాల వైపు ఒకసారి చూసింది. గరిటె గిన్నెలో పెట్టి, పోలమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి చాప మీద చతికిలబడ్డారు. వాళ్ళని చూసి రాజ్యం, కస్తూరి కూడా.

"మరి పెట్టేదెవరు?" అంది కస్తూరి.

గురువుగారు నా వైపు తిరిగారు. "చలపతిగారూ, కూర్చోవడం మీకు బాగా వచ్చు. ఇక లేవండి," అన్నారు.

లేచాను. నా జన్మలో వడ్డించి ఎరగను. పప్పు పెట్టకుండానే పులుసు పోశాను, అన్నం చాప మీద కూడా కొంత పెట్టాను. రాజ్యం పొట్ట పట్టుకుని నవ్వింది. భ్రమరాంబ చెయ్యి గరిటె కోసం రెండుసార్లు లేచింది, రెండుసార్లూ తనే వెనక్కి తీసుకుంది. అంతలో రోడ్డు మీద మూడు గంటల బస్సు హారన్ కొట్టింది. అందరం ఆమె వైపు చూశాం. ఆమె బస్సు వైపు చూడలేదు. పళ్ళెం కాస్త ముందుకు జరిపి, "మావయ్యగారూ, ఇంకొంచెం పులుసు," అంది. మా ఇంటికి కోడలై వచ్చిన తొమ్మిదేళ్ళలో తనకంటూ ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు. గరిటె నిండా తీసి పోశాను.

అప్పుడు గురువుగారు పిట్టగోడ దిగి వచ్చి పోలమ్మ పక్కన కూర్చున్నారు. గిన్నెలన్నీ మధ్యకి జరిపించి, నన్నూ కూర్చోమన్నారు. సముద్రపు గాలి వీస్తోంది. ఆరుగురం ఒకే చాప మీద తింటున్నాం. భ్రమరాంబ చేప ముక్కలోంచి ముళ్ళు ఒక్కొక్కటే ఏరి, మెత్తని ముక్కలు పళ్ళెం అంచున రెండు చిన్న కుప్పలుగా పెడుతోంది. సుభద్రమ్మగారు చూశారు.

"అవి ఎవరికే?"

భ్రమరాంబ తన చేతి వైపు తనే వింతగా చూసుకుంది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"ఇక్కడికి వచ్చినవాళ్ళే తినాలమ్మా," అన్నారు గురువుగారు, తన ముద్ద కలుపుకుంటూ.