వెనుదిరిగిన మనిషి

1968 అక్టోబరు 15, మంగళవారం. పొద్దుటి నుంచి మబ్బు కమ్ముకుని ఉంది గాని చినుకు రాలలేదు. ఆ ఏడాదంతా అంతే. వానలు సరిగా కురిసి ఉంటే కాలువ నీళ్ల కోసం ఎవరూ కొట్టుకునేవాళ్లు కాదు, నేను ఇది రాయాల్సిన పనీ ఉండేది కాదు.

నంద్యాల పక్కన మా ఊళ్లో దాదాపీరు ఉస్తాదు తాలింఖానా ఉండేది. తాలింఖానా అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. కర్రసాము నేర్పే చోటు. ఎర్రమట్టి పరిచిన పొడవాటి కొట్టం. ఉస్తాదుకు ఎడమ చెవి వినపడదు. ఆయన్ను తిట్టుకోవాలంటే మేం ఆ పక్కకు చేరేవాళ్లం. అన్నీ వినేవాడని చాలా రోజులకు గాని తెలియలేదు. సరే, అది వేరే సంగతి.

ఆ పొద్దున మద్దిలేటి వచ్చాడు. మా అందరిలోకీ చేయి తిరిగినవాడు. ముందురోజు మధ్యాహ్నం అతను తన వంతు నీళ్లు పొలానికి కట్టుకుంటుంటే పక్క పొలం సుంకన్న, అతని తమ్ముళ్లిద్దరూ గొడ్డళ్లతో మీదికి వచ్చారు. మద్దిలేటి చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. సుంకన్న గొడ్డలి ఎత్తాడు. మద్దిలేటి అతని మణికట్టు మీద కొట్టాడు. గొడ్డలి బురదలో పడింది. తమ్ముళ్లు పరుగు లంకించుకున్నారు. సుంకన్న కూడా వెనక్కి తిరిగాడు. రెండో దెబ్బ తల వెనక పడింది. తెల్లవారేసరికి కర్నూలు ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

కాలువ గట్టు మీద నుంచి ఇదంతా చూసిన బయటి మనిషి ఒక్కడే. ఉస్తాదు.

"ప్లీడరును కలిసొచ్చినా, ఉస్తాదూ" అన్నాడు మద్దిలేటి. "ముగ్గురు గొడ్డళ్లతో మీదికొస్తే, చంపినా తప్పు కాదంట. పానం కాపాడుకునే హక్కు చట్టంలోనే ఉందంట."

"ఉంటాది" అన్నాడు ఉస్తాదు.

"కాకపోతే, రెండో దెబ్బ పడేటప్పుడు గూడా వాని చేతిలో గొడ్డలి ఉండెనని మీరు చెప్పల్ల. ఒక్క మాట. అంతే."

"చెప్పకుంటే?"

"జైలే. మాయమ్మకు నేను తప్ప ఎవరూ లేరు. మీకు తెలియంది కాదు."

ఉస్తాదు గడ్డం నిమురుకున్నాడు. మూలన కట్టెలు చీల్చే గొడ్డలి ఉంది. లేచి దాన్ని తీసుకున్నాడు.

"కర్ర పట్టుకో."

"ఇప్పుడు సామా, ఉస్తాదూ? అవతల పోలీసోళ్లు నా కోసం తిరుగుతాండారు."

"పట్టుకో అబ్బీ."

ఆయనకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆటకే అనుకున్నాం చూస్తున్నవాళ్లం. ఆట కాదు. గొడ్డలి ఎత్తి సూటిగా మీదికి వచ్చాడు. మద్దిలేటి ఆలోచించినట్టు లేదు, కర్ర దానంతటదే లేచినట్టు లేచింది. మణికట్టు మీద పడింది. ఎముక చప్పుడు మాకు వినిపించింది. గొడ్డలి మట్టిలో పడింది.

ఉస్తాదు వెనక్కి తిరిగాడు. వాకిలి వైపు నడిచాడు. గడప దగ్గర ఆగి, తల తిప్పకుండానే అన్నాడు:

"కొట్టు."

మద్దిలేటి కర్ర మళ్లీ తల పైకి లేచి, అక్కడే ఆగింది. కదల్లేదు.

"ఏం, ఆగినావే?"

"గొడ్డలి కింద పడింది కద, ఉస్తాదూ."

అని, ఆ మాట తన నోటి నుంచి వచ్చిందా అన్నట్టు మా అందరి మొహాలూ చూశాడు. ఉస్తాదు విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, గడప దాటి వెళ్లిపోయాడు.

మద్దిలేటి కర్రను మట్టిలో పెట్టాడు. చెప్పులు వేసుకోకుండానే స్టేషనుకు నడిచి వెళ్లి, రెండు దెబ్బల సంగతీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మొదటి దెబ్బను కోర్టు తప్పు పట్టలేదు. రెండో దెబ్బకు ఏడేళ్లు వేసింది.

ఉస్తాదు నాలుగేళ్లకు పోయాడు. తాలింఖానా అల్లుడికి వచ్చింది. దాన్ని పత్తి గోదాముకు బాడుగకిచ్చాడు. మద్దిలేటి తల్లి అంతకు ముందే కన్నుమూసింది. ఆమె ఇంటిని మొగుడి తరఫు పాలివాళ్లు పంచుకున్నారు.

సుంకన్న పొలం, ఆ కాలువ నీళ్ల వంతు, పరుగెత్తిన తమ్ముళ్లిద్దరికీ దక్కాయి. ఉమ్మడి పొలమన్నారు. సుంకన్న భార్యకు పిల్లలు లేరు. ఆమెకు ఏమీ రాలేదు.