పండుగప్పల పరీక్ష

ఏరు సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి. ఎగువనున్న కార్ఖానా గొట్టంలోంచి నల్లనీళ్లు దిగడం మొదలయ్యాక అక్కడి పిట్టల గుడ్లు పొదగకముందే చిట్లిపోతున్నాయి. నీటికాకి పోలమ్మ అలా రెండుసార్లు పిల్లల్ని పోగొట్టుకుంది. మళ్లీ గుడ్లు పెట్టే వేళయ్యింది. ఏం తింటే ఏమవుతుందోనన్న భయంతో చేప ముట్టడమే మానేసింది.

కొంగ గవరయ్యకు అదే అదనుగా తోచింది. పడవలో వచ్చినవాళ్లు చేప ముక్కలూ పిట్ట ఈకలూ సీసాల్లో పెట్టుకుని విషం కొలవడం అతను చూశాడు. తానూ కొలుస్తానని చాటించాడు. ఎవరు ఏ చేప పట్టినా ముందు అతనికి చూపించాలి. ముక్కుతో పొడిచి, ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని తేల్చేవాడు. కొంగ జపం ఎందుకో తెలియనిదెవరికి? ఎన్నిసార్లు కొలిచినా వేలెడంత నెత్తళ్లు మంచివే, బాగా బలిసిన పండుగప్పలు విషమే. ఆ విషాన్ని దూరంగా పారేసే భారం కూడా తానే మోసేవాడు. ఎక్కడ పారేస్తున్నాడో అతని పొట్ట చూస్తే తెలిసేది.

నీటికాకులు తిరగబడబోయాయి. బురదలోనే ముసలిదైపోయిన పీత నూకాలత్త వాటిని ఆపింది.

"ఆడు సెప్పింది ఇనండర్రా. నెత్తల్లో ఇసం సిటికెడుంటాది. అలాటియి వందలకొద్దీ మింగిన పండుగప్పలో ఎంతుంటాది?"

కొంగ లోలోపల నవ్వుకున్నాడు. తన అబద్ధానికి ఇంత మంచి సాక్ష్యం దొరుకుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

వానలు వెనకబట్టేసరికి, నెత్తళ్లతోనే సరిపెట్టుకున్న పోలమ్మ గూట్లో పిల్లలు నోళ్లు తెరిచి గోల చేస్తున్నాయి. గవరయ్యకు మాత్రం కాళ్లు వణుకుతున్నాయి, ఎగరబోతే రెక్క లేవడం లేదు. అది కనిపెట్టి నక్క వచ్చి అతన్ని కాలికింద తొక్కిపట్టింది.

"నన్ను తినకు బావా," అన్నాడు కొంగ. "ఒళ్లంతా ఇసం."

"ఎవుడు కొలిసేడు?"

"నానే. పండుగప్పలన్నీ నానే తిన్నాను. ఒక్కటీ పారెయ్యలేదు."

కొమ్మల మీద పిట్టలన్నీ వింటున్నాయి. నక్క ఓసారి వాసన చూసి, మొహం చిట్లించి, ఈ కొలతను తాను నమ్ముతున్నానని చెప్పి వెళ్లిపోయింది.

బతికినందుకు సంతోషించాలో, పరువు పోయినందుకు ఏడవాలో కొంగకు పాలుపోలేదు. చివరికి పీత దగ్గరకు కుంటుకుంటూ వెళ్లాడు.

"అత్తా, నక్క వదుల్తాదని అలగన్నాను గానీ, నాలో నిజంగా ఇసం ఉందంతావా?"

"నాకేటి తెలుసు నాయనా? కొలిసీవోడివి నువ్వు."

అబద్ధమనుకుని చెప్పినా నిజం నిజమే. చెప్పినవాడి పొట్టనూ అది విడిచిపెట్టదు.