అవతలి చెంబు

రసూలుకు తన మందు మీద మహా గురి. గంజాయి పచ్చాకును నిప్పు సెగ తగలనీయకుండా నూరి పసరు పోస్తే మత్తెక్కదనీ, ఆకలి మాత్రం పుడుతుందనీ అతని నమ్మకం. ముందు తానే తాగి చూసుకున్నాడు. తల తిరగలేదు, మూడు రొట్టెలు తిన్నాడు. ఆ సంగతి గురువు మౌలాలి తాతకు నాలుగుసార్లు చెప్పాడు.

తాత నాలుగుసార్లూ విని తన పని చూసుకున్నాడు.

ఇప్పుడా పసరు దూదేకే కులాయప్పకు పోస్తున్నాడు. అన్న ఫకీరప్ప పోయి పన్నెండు రోజులు. యాభై ఏళ్లు కలిసి దూదేకి, ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. ఆనాటి నుంచి కులాయప్ప మెతుకు ముట్టలేదు, మనిషి దక్కేలా లేడు.

పసరు మొదలెట్టిన మూడో రోజు మధ్యాహ్నం మందు పనిచేసింది. కులాయప్ప కడుపులో గుడగుడ వాకిట్లోకి వినిపించింది. కళ్లు తేటగానే ఉన్నాయి. రసూలు సంబరంగా అన్నం పళ్లెమూ, చెంబుతో నీళ్లూ పెట్టాడు.

కులాయప్ప చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. నోట్లో ఊరిన నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు.

"తిను మామా. ఆకలి కాలేదా?"

"పేగులు తెగుతాండాయి నాయనా. అన్న ఇంగా చెయ్యి పెట్టలా."

ఎదురుగా ఉన్న ఖాళీ చాపనే చూస్తున్నాడు. పెద్దవాడు మొదటి ముద్ద తీయనిదే చిన్నవాడు పళ్లెం ముట్టడు. ఆ ఇంట్లో అది పద్ధతి.

రసూలుకు అప్పుడు తెలిసొచ్చింది. ఇంతవరకూ కులాయప్పకు ఆకలి బాధైనా లేదు. అది తానే తెచ్చిపెట్టాడు. పరుగున వెళ్లి తాతను పిలుచుకొచ్చాడు.

తాతకు ఆ రోజు ఉపవాసం. చాప దులిపి, మడత సరిచేసి, పక్కన వట్టి నేల మీద కూర్చున్నాడు. ఇంకో చెంబుతో నీళ్లు తెప్పించి చాప ముందు పెట్టాడు. తర్వాత తల వంచుకున్నాడు.

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఏళ్ల తరబడి దూది ధూళి మింగిన గొంతు. రసూలు తాత వైపు చూశాడు. ఆయన పెదవులు కదల్లేదు.

కులాయప్ప గబగబా ముద్ద కలిపాడు. ఏడుస్తూనే తిన్నాడు. పళ్లెంలో అవతలి వైపు, అన్నంలో ముద్దంత గుంట ఉంది.

బయటికొచ్చాక రసూలు మెల్లగా అడిగాడు. "తాతా, ఆ ముద్ద నువ్వే కదా తీసినావు?"

తాత రెండు చేతులూ చాపి చూపించాడు. పొడిగా ఉన్నాయి.

"రేపట్నించి మందుతోపాటు రెండో చెంబు కూడా పెట్టు. ఫకీరప్పకు దప్పికెక్కువ."