తన నాటకానికి తానే తీర్పు రాసిన బెర్నార్దో

ఈ కథ మొదట చెప్పినవాడు ఏలూరులో హార్మోనియాలు బాగుచేసిన దేవదానం మేస్త్రి. ఆయన చెప్పినదే సిసలైనది.

రెండొందల ఏళ్ల కిందట ఇటలీ దేశంలో మోంతెలూనా అని ఓ చిన్న సంస్థానం. అక్కడ బెర్నార్దో అనేవాడు పాటల నాటకాలకు సంగీతం కట్టేవాడు. ఊరుకోక, ఇతరుల సంగీతం మంచిచెడ్డలు పత్రికకు రాసేవాడు కూడా. ఆ రాతల్లో అందరికన్నా ఎక్కువ చివాట్లు తిన్నవాడు గాస్పరో. అతనూ ఆస్థాన విద్వాంసుడే.

గాస్పరో రోజూ వచ్చి చెవిలో ఊదగా ఊదగా, ఆ సంస్థానం ఏలే ప్రభువుకో సరదా పుట్టింది.

"బెర్నార్దో, రేపు సాయంత్రం నీ కొత్త నాటకం ఆడించు. అదెలా ఉందో నువ్వే రాసి ఎల్లుండి సభలో చదువు. నీ రాత నాకు నచ్చకపోతే కొలువు పోతుంది."

బెర్నార్దో లెక్క వేసుకున్నాడు. మెచ్చుకుంటే సొంత డబ్బా అంటారు. తప్పుపడితే ఇలాంటివాడు మనకెందుకంటారు. ఇరవై ఏళ్ల కొలువు.

"మూటాముల్లే సర్దుకోవయ్యా, ఎటు రాసినా ఆ పని తప్పదు" అన్నాడు గాస్పరో మీసం దువ్వుకుంటూ.

ఆ ఊళ్లో ప్రభువు చప్పట్లు కొట్టాకే జనం కొట్టాలి. అదీ ఆచారం. అంచేత నాటకం నడిచినంతసేపూ బెర్నార్దో వేదికకేసి చూడలేదు, ప్రభువుకేసే చూస్తూ కూచున్నాడు.

మర్నాడు సభలో కాగితం విప్పి చదివాడు.

"మొదటి పాటకు ప్రభువు చప్పట్లు కొట్టారు. రెండో పాటకు కాలితో తాళం వేశారు. మూడో పాటకు కళ్లు మూసుకుని, అయ్యేదాకా తెరవలేదు."

"మరి నీ అభిప్రాయమేదయ్యా?" అన్నాడు ప్రభువు.

"తమ అభిప్రాయం తేలాక మధ్యలో నాదెందుకు ప్రభూ?"

ప్రభువు ముసిముసిగా నవ్వాడు. గాస్పరోకు ఒళ్లు మండిపోయింది.

"దగా ప్రభూ. పరవశించినట్టు రాశాడు. నేను మీ పక్కనే ఉన్నాను. తమరు నిద్రపోయారు, గురక కూడా పెట్టారు."

ప్రభువు ముఖం కందగడ్డయింది.

"బెర్నార్దో, నేను గురక పెట్టానా?"

"నేను పాట విన్నాను ప్రభూ. గురక సంగతి గాస్పరోకే తెలియాలి. ఆయన కచేరీల్లో రోజూ వినేది అదే కదా."

ప్రభువు పగలబడి నవ్వాడు. సభంతా నవ్వింది. వేలి ఉంగరం తీసి బెర్నార్దోకిచ్చి, కొలువు బతికున్నన్నాళ్లూ నీదేనన్నాడు.

బ్యాండు మేళం చిట్టెయ్య మాత్రం ఆ జవాబు గాస్పరో చెప్పాడని నలభై ఏళ్లుగా ఊరూరా చెబుతున్నాడు. ఎదురుపడితే ఎవరైనా కాస్త వాడికి దిద్ది చెప్పండి.