రెండు గంటల అబద్ధం, ఎనభై మెట్ల రాట్నం

అనగనగా ఒక మాట ఉండేది. అది పుట్టి ఒక్క రోజే అయింది. హైమ అనే అమ్మాయి గొంతులో కాపురం పెట్టింది గానీ, ఆ గడప దాటి ఇంతవరకూ బయటికి రాలేదు. ఆ మాట ఇది: నేను నిలబడని వరుసలో నిలబడ్డానని చెప్పాను.

ఓస్, ఇంతేనా అంటారేమో. వినండి, అది ఎంతదో మీకే తెలుస్తుంది.

కొండల నడుమ వెన్నెలతోట అని ఒక పెద్ద ఆటల తోట ఉండేది. అందులో నీళ్ళ జారుడుబండలున్నాయి. గాలిలో ఊగే ఓడ ఉంది. అన్నిటికన్నా పైన, ఎనభై మెట్ల గుట్ట మీద, మబ్బుల రాట్నం ఉంది. రోజూ వేలమంది వచ్చేవారు. ఏ ఆట దగ్గర వరుస ఎంత పొడుగుందో గేటు దగ్గర నిలబడితే తెలియదు. పిల్లల్ని చంకనేసుకుని ఎనభై మెట్లూ ఎక్కి, పైన కొండచిలువలాంటి వరుసను చూసి, ఉసూరుమంటూ దిగినవాళ్ళెందరో.

నీళ్ళ ఆటల తోట గనుక చెప్పులు గేటు దగ్గరే విడవాలి. ఆ చెప్పుల స్టాండు చూసుకునే మనిషి బంగారమ్మ. ఒకనాడు ఒక తండ్రి అలాగే ఉసూరుమంటూ వచ్చి చెప్పులడిగితే, ఆవిడ ఊరుకోలేక గోడ మీద బొగ్గుతో రాసింది: రాట్నం, గంట. ఆ రాత చూసి పదిమంది ఓడ వైపు వెళ్ళారు. ఓడ దిగినవాళ్ళు వచ్చి, మేం నిలబడింది పది నిమిషాలేనన్నారు. అదీ రాసింది. నెల తిరిగేసరికి బొగ్గు గోడ నల్లబల్ల అయింది. బల్ల నెత్తిన బంగారమ్మ ఫోను నంబరు ఎక్కింది. ఆవిడ చేతికి మైకు వచ్చింది. ఆట దిగినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఫోను చేసి, ఎంతసేపు నిలబడ్డారో చెప్పేవారు. ఆవిడ రాసేది, మైకులో చదివేది.

ఇదంతా చేయమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, తమ వెనక వచ్చే ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం చేసేవారు. కట్టుబాటు ఒక్కటే, బల్ల అడుగున పెద్ద అక్షరాలతో ఉండేది: నిలబడినవాళ్ళే చెప్పాలి.

హైమ ఆ తోటకి వెళ్ళిన రోజున, బస్సులో ఆమె పక్కన ఒక అవ్వ కూర్చుంది. పేరు తవిటమ్మ. పసుపుపచ్చ చీర, చేతిలో వెదురుకర్ర. ఊరు నేరేళ్ళకొండ మీద. మనవరాలి పురిటికని దిగివచ్చింది, మర్నాడు పన్నెండు గంటల బస్సుకి వెళ్ళిపోతుంది. ఈ వయసులో మళ్ళీ దిగేది లేదంది. ఆవిడకి ఒక్కటే కోరిక.

"పుట్టింది ఆ కొండ మీదే, మనువాడింది ఆ కొండ మీదే. కానీ ఆ కొండ ఎలా ఉంటాదో ఇంతవరకూ చూళ్ళేదు తల్లీ. కిందికొస్తే అడ్డకొండలు మూసేస్తాయి. ఆ రాట్నం ఎక్కితే నిండుగా కనబడతాదట. పడుకున్న ఏనుగులా ఉంటాదని మా మనవరాలు చెప్పింది."

మెట్లు ఎక్కగలవా అవ్వా అని హైమ అడిగితే తవిటమ్మ నవ్వింది. కొండదాన్ని, నడవమంటే నడుస్తాను, నిలబడమంటేనే మోకాళ్ళు పట్టేస్తాయి, అరగంటకి మించి నా వల్ల కాదు అంది.

తోటలో హైమ మొదట ఓడ ఎక్కింది. దిగి, సరదాకి ఫోను చేసింది. మరుక్షణం తోట నలుమూలలా మోగింది: "ఓడ, పదిహేను నిమిషాలు. చెప్పింది హైమ."

హైమ నిలబడిపోయింది. ఇంట్లో ఆమె మాటకి అంత విలువ ఎక్కడిది? పాలు పొంగాయని చెప్పినా ఎవరో ఒకరు వచ్చి గిన్నెలోకి తొంగిచూసేవారు.

రెండోసారి జారుడుబండ దిగి, నలభై నిమిషాలు అని చెప్పింది. ఎదురుగా వస్తున్న ఒక కుర్రతండ్రి, భుజాన నిద్రపోతున్న బిడ్డతో, మైకు విని ఆగాడు. వరుస చూడలేదు, ఎవరినీ అడగలేదు. వెనక్కి తిరిగి, ఆ హైమ ఎవరోగాని చల్లగా ఉండాలి అనుకుంటూ నీడపట్టుకి వెళ్ళిపోయాడు. నీళ్ళోడుతున్న బట్టలతో హైమ అతని పక్కనే ఉంది. ఆమెకి ఒళ్ళు జల్లుమంది.

మూడోసారి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అస్తమించగానే రాట్నం ఆపేస్తారు. హైమ ఉన్నది గుట్టకి దూరంగా, తోట ఆ చివర. అప్పుడే గారడీ ఆట విడిచి, నాలుగువందల మంది బిలబిలమంటూ బయటికొచ్చారు. వాళ్ళంతా గుట్ట వైపు కదిలితే తన వంతు ఇక రాదు. హైమ ఫోను తీసింది.

"మబ్బుల రాట్నం దిగానమ్మా. రెండు గంటలు నిలబడ్డాను."

"అయ్యో తల్లీ," అంది బంగారమ్మ. "కాళ్ళు లాగేస్తుంటాయి. కాసేపు ఎక్కడైనా కూర్చో."

హైమ కూర్చోలేదు, పరుగెత్తింది. ఎనభై మెట్ల పైన వరుస లేదు. మైకు వినబడనంత ఎత్తున, రాట్నం తిప్పే మనిషి ఒక్కడే ఆవులిస్తున్నాడు.

"ఏటమ్మా, జనమంతా ఏటైపోయినారు? నీ ఒక్కదానికోసమా ఇంత రాట్నం తిప్పేది?" అన్నాడు. అన్నాడే గాని తిప్పాడు.

నలభై తొట్లలో ముప్ఫైతొమ్మిది ఖాళీ. నలభయ్యోది హైమను ఎత్తుకుని ఆకాశంలోకి లేచింది. అడ్డకొండలు ఒక్కొక్కటే తలలు వంచాయి. వాటి వెనక నేరేళ్ళకొండ లేచింది. తొండం చాపి, చెవి వాల్చి, సాయంత్రపు ఎరుపులో స్నానం చేసి పడుకున్న ఏనుగు. హైమ తొట్టి అంచు పట్టుకుని లేచి చూసింది.

అప్పుడు కిందికి చూసింది.

గుట్ట వైపు వస్తున్న జనం, బంగారమ్మ మైకులో మళ్ళీ మళ్ళీ చదువుతున్న రెండు గంటల మాట విని ఆగుతున్నారు. ఒకరి తరవాత ఒకరు, ఒక గుంపు తరవాత ఒక గుంపు, గాలి వీచిన వరిచేనులా ఒకేసారి అటు ఒరిగి, ఓడ వైపు పారుతున్నారు. నాలుగువందల మంది, ఎనిమిదివందల కాళ్ళు. ఎవరూ తోయలేదు, ఎవరూ బెదిరించలేదు. ఒక్క మాట. అది తన మాట. నోట్లో ఇంత బలం ఉంటుందా అని హైమ నివ్వెరపోయింది. రాజుల దగ్గర ఉండేదని విన్నది, చెప్పుల స్టాండు ఫోనులో ఉంటుందని ఎవరనుకుంటారు?

అందరూ వెళ్ళాక మెట్ల మొదట్లో పసుపుపచ్చ చీర ఒకటి మిగిలింది. తవిటమ్మ ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి, దారినపోయే ఒకామెను ఏదో అడిగింది. ఆమె రెండు వేళ్ళు చూపించింది. తవిటమ్మ తల పైకెత్తి రాట్నాన్ని అంచుదాకా చూసింది. చాలాసేపు చూసింది. మెట్టు మీది కాలు వెనక్కి తీసుకుంది.

హైమ కేక వేసింది. అంత ఎత్తు నుంచి ఏ కేక వినబడుతుంది? తొట్టి దిగి, ఎనభై మెట్లూ దూకేసరికి పసుపుపచ్చ చీర లేదు.

గేటు దగ్గర బంగారమ్మ చెప్పులందిస్తూ, గొంతు పోల్చుకుని, హైమవి నువ్వేనా అని గడ్డం పట్టుకుంది. ఈవేళ ఎంతమంది కాళ్ళు కాపాడావో అంది. పాపం ఒక అవ్వ మాత్రం దిగులుగా వెళ్ళిందని, రేపు పొద్దున్నే రమ్మంటే, రెండు గంటల వరుస ఒక్క రాత్రికి తరుగుతాదా అందని, అయినా మనవరాలి నంబరు బల్ల మూల రాసుకున్నానని చెప్పింది. హైమ నోరు తెరిచింది. మూసి, చెప్పులేసుకుంది.

ఇల్లు చేరాక ఫోను చేసింది. ఎవరమ్మా అని బంగారమ్మ గొంతు వినగానే, తప్పు నంబరండీ అని పెట్టేసింది.

తెల్లవారింది. పది అయింది, తోట గేటు తీసే వేళ. పన్నెండుకి కొండ బస్సు. హైమ వాకిలి మెట్టు మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెబితే ఆ మైకులో తన పేరు మళ్ళీ మోగదు. మళ్ళీ తన మాటంటే పాలగిన్నెలోకి తొంగిచూసే బతుకే. చెప్పకపోతే, తన కొండను ఒక్కసారైనా చూడకుండానే ఒక ముసలమ్మ ఆ కొండెక్కిపోతుంది.

భుజాన బిడ్డతో వెనక్కి తిరిగిన ఆ తండ్రి గుర్తొచ్చాడు. వరుస చూడలేదతను. చూడకుండానే నమ్మాడు. తోటలో అన్నిటికన్నా ఎత్తయినది రాట్నం కాదని, ఆ నమ్మకమేనని హైమకి అప్పుడు తోచింది.

హైమ లేచి నిలబడింది. ఈసారి గొంతు వినబడ్డా పెట్టెయ్యకూడదనుకుని, బంగారమ్మ నంబరు నొక్కింది.

పదిమంది కాళ్ళను నడిపించే మాటను నిలబడి చూసే చెప్పాలి. నిలబడకుండా చెప్పినవాళ్ళు, నిలబడి ఒప్పుకోవాలి.