చావుపిట్టల మూట

ఒకానొకప్పుడు ఏటిగడ్డ రాజ్యాన్ని దుర్జయరాయలు ఏలుతుండేవాడు. ఆయన వస్తుంటే మంచం పట్టినవాడైనా సరే లేచి నిలబడాల్సిందే. ఎవరైనా కానుక తెస్తే నిండు సభలో స్వహస్తాలతో విప్పి అందరికీ చూపించడం ఆయనకు మహా సరదా.

ఆ యేడు రాజుగారి ధాన్యాగారం మీదికి ఎలుకలు దండెత్తాయి. సేనాపతి నలభైమంది భటులతో పక్షం రోజులు కాపు కాసి, అక్షరాలా తొమ్మిది ఎలుకల్ని పట్టాడు. ఇంతలో ఆస్థాన జ్యోతిష్కుడు అసలు దోషం కనిపెట్టాడు. ధాన్యాగారం బురుజులో తెల్ల గుడ్లగూబల జంట కాపురముంది. జనం చావుపిట్టలనేవి అవే. మర్నాటి సాయంత్రానికల్లా వాటిని చంపెయ్యమని రాజు ఆజ్ఞాపించాడు.

ధాన్యాగారం చూసుకునేది పోలమాంబ. లోపల ఉన్నవి తొలకరికి ఊళ్లన్నిటికీ పంచాల్సిన విత్తనపు వడ్లు. ఆ జంట ఉండబట్టే ఈమాత్రమైనా మిగిలాయని ఆమెకొక్కదానికే తెలుసు. నోటితో చెబితే రాజు వినే రకం కాదు. అందుకని పొద్దున్నే ఒక పట్టుగుడ్డ మూట పట్టుకుని సభకు వెళ్లింది.

రాజు సంబరంగా మూట విప్పాడు. లోపల నిమ్మకాయంతేసి బూడిదరంగు ఉండలు డజను దాకా ఉన్నాయి. ఏమిటివని అడిగాడు.

"తమరి సేన ఈ వారం చేసిన పని, ప్రభూ. చిదిపి చూడండి."

చిదిపాడు. బొచ్చు మధ్యనుంచి మూడు ఎలుక పుర్రెలు అరచేతిలో పడ్డాయి. ఇంకొకటి చిదిపితే నాలుగు. రాజు సింహాసనం దిగి, నేలమీద కూర్చుని, ఒక్కొక్కటే అన్నీ చిదిపాడు. ఆయన ముందు చిన్న గుట్ట లేచింది.

"ఏ సేన ఇది?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"సాయంత్రానికల్లా తమరు చంపమన్నదే, ప్రభూ. ఆ పిట్టలు ఎలుకను మింగి, అరగని ఎముకల్ని ఇలా ఉండచేసి ఉమ్మేస్తాయి."

జ్యోతిష్కుడు ఊరుకోలేదు. ఎన్ని ఎలుకల్ని తింటే మాత్రమేం, ఆ పిట్ట అపశకునమేనని వాదించాడు. రాజు ఆమె వైపు చూశాడు.

"నిజమే ప్రభూ," అంది పోలమాంబ. "ఎలుకలకు."

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి ఆమెకిచ్చాడు. గూబలు వాలేందుకు ప్రతి పొలంలోనూ తాటిమట్టలు నాటమని చాటింపు వేయించాడు.

ఆ సాయంత్రం బురుజు కింద పీట వేయించుకుని కూర్చున్నాడు. మునిమాపు వేళ తెల్లటి పిట్ట ఒకటి, రెక్క చప్పుడైనా లేకుండా, ఆయన తలమీదుగా పొలాలవైపు సాగిపోయింది. పోలమాంబ పక్కనే ఉండి చూసింది.

దుర్జయరాయలు తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు.